వెర్సాయా, ఫాంటెన్‌బ్లోనా?

పారిస్ ట్రిప్‌లో ఒక్క రోజే మిగిలింది, రెండిట్లో ఏ ప్యాలెస్‌కి వెళ్ళాలి అంటే, మొదటిసారి అయితే వెర్సాయే, అందులో డౌట్ లేదు. 73 మీటర్ల పొడవు అద్దాల హాలు, 357 అద్దాలు, ఎదురుగా కిటికీల్లోంచి తోట, కానీ ఆ జనాన్ని చూస్తే మన తిరుమల క్యూ గుర్తొస్తుంది, తలెత్తి పైకప్పు మీద బొమ్మలు చూద్దామంటే వెనకవాళ్ళు నెట్టుకుంటూ పోతుంటారు. తోటలో ఎంత నడిచినా అయిపోదు, సాయంత్రానికి కాళ్ళు పీకేస్తాయి, షూస్ వేసుకోండి. సీజన్‌లో ఫౌంటెన్ షో ఉన్న రోజు తోటకీ టికెట్టే.

ఫాంటెన్‌బ్లో వేరే లెక్క. పారిస్‌లో గార్ ద లియోన్ స్టేషన్‌లో రైలెక్కితే 40 నిమిషాలు, దిగాక బస్సు, తోటలు ఫ్రీ. 1814లో గద్దె దిగిన నెపోలియన్ తన సైనికులకి వీడ్కోలు చెప్పింది అక్కడి గుర్రపు నాడా ఆకారం మెట్ల దగ్గరే, నేను వెళ్ళినప్పుడు ఆ మెట్ల ముందు పట్టుమని పదిమంది లేరు. లోపల ఆయన సింహాసనం గది తీరిగ్గా చూడొచ్చు. నాకైతే ఇదే నచ్చింది, మా ఆవిడ మాత్రం ఇప్పటికీ అద్దాల హాలే అంటుంది.

అన్నట్టు వెర్సాయ్ ప్యాలెస్‌కి సోమవారం సెలవు, ఫాంటెన్‌బ్లోకి మంగళవారం. మేము సోమవారమే వెళ్ళి తోట చూసుకుని వచ్చేశాం, ప్యాలెస్ కోసం మళ్ళీ ఇంకో రోజు.