కర్నూలు పాతబస్తీలో కాలేయానికి మూలికలు కొనేవారికి

క్షయకు మందులు వాడుతున్న మా అక్క కోసం, కర్నూలు పాతబస్తీలో కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఉన్న ఒక మూలికల అంగడికి కొంతకాలంగా వెళ్తున్నాను. కాలేయానికి మందు కావాలనగానే అక్కడి పెద్దాయన పొట్లం కట్టరు. ఏయే ఇంగ్లీషు మందులు వాడుతున్నారో అడిగి, ముందు డాక్టరుకు చెప్పి రమ్మంటారు. ఈ ఒక్క అలవాటుకే ఆ అంగడిని గట్టిగా మెచ్చుకోవాలి.

క్షయ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగలవు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులోకి మారడం మామూలే. దాన్ని చూసి కామెర్లని బెదిరి మాత్రలు మానేసేవారున్నారు. కళ్లు పచ్చబడినా, అన్నం సహించకపోయినా, వాంతులవుతున్నా మాత్రం పసరు మందు కోసం పరుగెత్తకుండా, వెంటనే డాక్టరును కలిసి ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ అనే కాలేయ రక్తపరీక్షలు చేయించుకోవాలి.

ఇక సరుకు సంగతి. నేల ఉసిరిని ఇక్కడ పొడిగా కాక, ఎండిన మొక్కలనే కట్టలుగా అమ్ముతారు. రెమ్మను తిప్పి చూస్తే ఆకుల అడుగున వరుసగా వేలాడే సన్నని గుండ్రటి కాయలు కనిపిస్తాయి. దీని దగ్గరి జాతి మొక్కలు బజారులో తరచుగా కలిసిపోతుంటాయి కనుక, పొడి చేసిన తరువాత ఏది ఏదో కంటితో పోల్చుకోవడం కుదరదు. కట్టగా కొనడమే మేలు.

సిలిమారిన్ మాత్రలు కూడా దొరుకుతాయి. మధ్యధరా ప్రాంతపు మిల్క్ థిజిల్ గింజల నుంచి తీసే ఈ సారం నీటిలో కరగడం చాలా తక్కువ. అందుచేత అదే అంగడిలో కషాయానికని అమ్మే గింజల పొడిని నేను సిఫారసు చేయను. మాత్రలైతే ఒక్కొక్కదానిలో సిలిమారిన్ ఎన్ని మిల్లీగ్రాములుందో డబ్బాపై చూసి కొనవచ్చు. క్షయ రోగులపై జరిగిన పరీక్షల్లో కొన్నింటిలో దీని వల్ల మేలు కనిపించింది, కొన్నింటిలో కనిపించలేదు. కాబట్టి వాడినా రక్తపరీక్షలు మానకూడదు. పారాసిటమాల్ మోతాదు మించినప్పుడైతే ఏ మూలికా పనికిరాదు. ఆసుపత్రిలో సకాలంలో ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్ దానికి విరుగుడు.

నాకు నచ్చనిది వారు సొంతంగా కలిపి అమ్మే కాలేయ చూర్ణం. అందులో తిప్పతీగ ఉందని పెద్దాయనే చెప్పారు గాని, పొట్లంపై పాళ్లు లేవు, తయారైన తేదీ లేదు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశపు వైద్యులే నమోదు చేశారు; అటువంటప్పుడు ఎంత కలిపారో తెలియని చూర్ణాన్ని, ఇప్పటికే మందుల భారం మోస్తున్న మనిషికి ఎలా ఇస్తాం? ఈ మాట ఆయనతోనే అన్నాను. కొత్త పొట్లాలపై వివరాలు అచ్చు వేయిస్తామన్నారు. అవి వచ్చేవరకు ఆ చూర్ణం తప్ప మిగతా సరుకును, డాక్టరు సరేనన్నాకే, అక్కడ కొనవచ్చు.