పెర్ల్‌తో పదిహేనేళ్లు: అరిచే తప్పులు, నోరెత్తని తప్పులు

పెర్ల్ అన్న ప్రోగ్రామింగ్ భాష ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే ముందు ఒక సగటు లెక్క సంగతి చెబుతాను. రోజూ రాత్రి నడిచే చిన్న స్క్రిప్టు అది. లాగ్ ఫైలును, అంటే సర్వరు చేసిన పనుల చిట్టాను, లైను లైనుగా చదివి, పని నంబరు, ఆ పనికి పట్టిన సెకన్లు తీసుకుని, చివర్లో సగటు చెప్పాలి. రాసింది నేనే. మొదట్లో సగటు ఆరో ఏడో వచ్చేది. రెండు నెలలు తిరిగేసరికి నలభై దాటింది. సర్వరు నెమ్మదించిందని అందరం దాని మీద పడ్డాం. డిస్కు చూశాం, మెమరీ చూశాం, రాత్రిపూట మేలుకుని మరీ చూశాం. సర్వరుకు ఏ జబ్బూ లేదు.

జబ్బు నా రెండు లైన్లలో ఉంది. టెక్స్టులో కావాల్సిన నమూనాను వెతికి పట్టే ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో పని నంబరు పట్టి, పట్టిన ముక్కను పెర్ల్ దాచే $1 లోంచి తీసుకున్నాను. ఆ కిందే ఇంకో దానితో సెకన్లు పట్టి మళ్లీ $1 లోంచే తీసుకున్నాను. మధ్యలో ఆగిపోయిన పనుల లైన్లలో సెకన్లు ఉండవు కాబట్టి అక్కడ రెండో మ్యాచ్ తప్పుతుంది. మ్యాచ్ తప్పినప్పుడు పెర్ల్ $1ని ఖాళీ చేయదు. అంతకుముందు కుదిరిన మ్యాచ్ విలువనే అందులో ఉంచేస్తుంది. అలా పని నంబరే సెకన్ల ఖాతాలో పడింది. నంబర్లు చిన్నవిగా ఉన్నన్నాళ్లూ తేడా కనిపించలేదు. అవి వేలల్లోకి వెళ్లాక సగటు ఉబ్బింది. ప్రకటించని పేర్లు వాడితే ఆపే స్ట్రిక్ట్ పెట్టాను, అనుమానం వస్తే హెచ్చరించే వార్నింగ్స్ పెట్టాను, అయినా ఒక్క హెచ్చరిక రాలేదు. పెర్ల్ లెక్కలో అక్కడ తప్పే జరగలేదు మరి.

ఇప్పుడు అలాంటి చోట $1 జోలికే పోను. ఎడమవైపు వేరియబుల్‌ను బ్రాకెట్లలో పెట్టి మ్యాచ్ ఫలితాన్ని నేరుగా అందులోకి తీసుకుంటాను. మ్యాచ్ తప్పితే వేరియబుల్ అన్‌డెఫ్‌గా, అంటే విలువే లేకుండా, మిగులుతుంది, కూడికలోకి వెళ్లగానే హెచ్చరిక వస్తుంది. ఆ బ్రాకెట్లు మాత్రం మర్చిపోకూడదు. అవి లేకపోతే దొరికిన విలువకు బదులు మ్యాచ్ అయిందా లేదా అన్న జవాబు వస్తుంది. అర్రే (విలువలను వరుసగా దాచేది) విషయంలోనూ ఇదే తంతు: బ్రాకెట్లు ఉంటే మొదటి అంశం, లేకపోతే ఎన్ని అంశాలున్నాయన్న లెక్క. కొత్తవాళ్లకు పెర్ల్‌లో ఒక్కటే నేర్పే వీలుంటే చోటును బట్టి జవాబు మారే ఈ కాంటెక్స్ట్ సంగతే నేర్పుతాను.

ఇన్నేళ్ల వాడకం తర్వాత నా అభిప్రాయం ఇది. పెర్ల్ ఎర్రర్ చూపించి ఆగిపోయిన రోజున నాకు పెద్దగా టెన్షన్ ఉండదు. ఏమీ అనకుండా పని పూర్తి చేసిన రోజునే అనుమానం.

ఈ గుణం దానికి పుట్టుకతో వచ్చింది. పెర్ల్ సృష్టికర్త లారీ వాల్ 1987 డిసెంబరులో దీన్ని బయటపెట్టింది టెక్స్టు ఫైళ్లు చదివి రిపోర్టులు తీయడానికి. అలాంటి పనిలో డేటా ఎప్పుడూ గజిబిజిగానే ఉంటుంది. అందుకే పెర్ల్ ఏదిచ్చినా సర్దుకుపోతుంది. అంకె కావాల్సిన చోట స్ట్రింగ్ (అక్షరాల వరుస) ఇస్తే మొదట్లో ఉన్న అంకెల వరకు తీసుకుంటుంది, అవీ లేకపోతే సున్నా అనుకుంటుంది. రెండు వేర్వేరు పేర్లను స్ట్రింగులను పోల్చే ఈక్యూతో కాకుండా అంకెలను పోల్చే == తో పోల్చి చూడండి. రెండూ సున్నాలే కాబట్టి సమానమే అంటుంది! వార్నింగ్స్ ఉంటే ‘ఆర్గ్యుమెంట్ ఈజంట్ న్యూమరిక్’ అని గొణుగుతుంది, లేకపోతే అదీ ఉండదు. సార్ట్ కూడా చెప్పకపోతే అక్షర క్రమంలోనే పేరుస్తుంది, 10 వచ్చి 9 కంటే ముందు కూర్చుంటుంది. దీనికి మాత్రం వార్నింగ్స్ ఉన్నా ప్రయోజనం లేదు.

పాత స్క్రిప్టులు పాడవకూడదని స్ట్రిక్ట్‌ను, వార్నింగ్స్‌ను మన ఇష్టానికి వదిలేశారు. ఈ ఒక్క నిర్ణయం వల్ల ఎంతమంది నిద్ర చెడిందో. 5.12 నుంచి ఫైలు మొదట్లో వెర్షన్ ప్రకటిస్తే స్ట్రిక్ట్ దానంతటదే వస్తుంది. 2022లో వచ్చిన 5.36 వెర్షన్‌ను ప్రకటిస్తే వార్నింగ్స్ కూడా వస్తాయి, ఫంక్షన్లకు సిగ్నేచర్లూ (అవి ఏయే విలువలు తీసుకుంటాయన్న జాబితా) వస్తాయి. సిగ్నేచర్ రాసిన ఫంక్షన్‌కు ఒక విలువ తక్కువ పంపితే, ఎన్ని రావాలో ఎన్ని వచ్చాయో చెప్పి మరీ ఆగిపోతుంది. నా కొత్త స్క్రిప్టులన్నీ ఇప్పుడు ‘యూజ్ వీ5.36’ అన్న లైనుతోనే మొదలవుతాయి. పాతదానికి స్ట్రిక్ట్ తగిలిస్తే ‘గ్లోబల్ సింబల్’ ఎర్రర్లు తెర నిండా పారతాయి. బెదిరిపోనక్కర్లేదు. మొదటిది సరిచేసి మళ్లీ నడిపితే కిందవాటిలో సగం వాటంతటవే పోతాయి.

అరిచే తప్పుల విషయంలో పెర్ల్‌కు మంచి మార్కులే వేస్తాను. ‘అన్‌ఇనిషియలైజ్డ్ వాల్యూ’ హెచ్చరిక 5.10 నుంచి వేరియబుల్ పేరుతో సహా వస్తోంది. ఆ సందేశం చివర చాలామంది చదవని ముక్క ఒకటుంటుంది. స్క్రిప్టులో 20వ లైను అని చెప్పాక, ఒక కామా పెట్టి, తెరిచిన ఫైలును పట్టుకునే ఫైల్ హ్యాండిల్ పేరూ ఇంకో లైను నంబరూ చెబుతుంది. 4312 అని ఉందనుకోండి, తప్పు బయటపడినప్పుడు చదువుతున్నది ఇన్‌పుట్ ఫైల్లో 4312వ లైను అని అర్థం. నేరుగా ఆ లైను తెరిచి చూస్తే ఖాళీ కాలమ్ కనిపిస్తుంది. దీన్ని పట్టించుకోకుండా కోడంతా ప్రింట్‌లు చల్లి గంటలు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

సింటాక్స్ ఎర్రర్లలో లైను నంబరును మాత్రం అక్షరాలా నమ్మకూడదు. సెమీకోలన్ మర్చిపోతే పెర్ల్ కిందిలైను పేరు చెబుతుంది. కోట్ మూయకపోతే ఎక్కడో రెండు వందల లైన్ల కింద తగువు పెట్టుకుంటుంది. అయితే అప్పుడు ‘రన్‌అవే మల్టీలైన్’ స్ట్రింగ్ ఫలానా లైన్లో మొదలై ఉండొచ్చని బ్రాకెట్లలో ఒక సూచన ఇస్తుంది చూడండి, చాలాసార్లు అసలు జవాబు అదే.

ఫైలు తెరవడంలో వచ్చే తప్పు ఒకటి నన్ను చాన్నాళ్లు ఏడిపించింది. ఓపెన్‌కు బ్రాకెట్లు పెట్టకుండా చివర ‘లేదా’ అని చెప్పే రెండు నిలువు గీతలు గీసి, స్క్రిప్టును ఆపే డై అని రాసేవాణ్ణి. ఫైలు లేకపోయినా స్క్రిప్టు చావదు, తాపీగా నడిచి సున్నా లైన్లు చదివానంటుంది. ఎందుకో డీపార్స్ మాడ్యూల్‌తో తెలిసింది. అది మన కోడును పెర్ల్ ఎలా అర్థం చేసుకుందో బ్రాకెట్లన్నీ పెట్టి తిరిగి రాసి చూపిస్తుంది. చూస్తే డై వెళ్లి ఓపెన్‌కు కాకుండా ఫైలు పేరుకు అతుక్కుని ఉంది! ఫైలు పేరు ఖాళీ అయితే తప్ప అది చావదన్నమాట. ఆ గీతల బదులు ఆర్ అని అక్షరాల్లో రాస్తే సరిపోతుంది. డై సందేశంలో $! కూడా పెట్టండి, ఫైలు లేదా, పర్మిషన్ లేదా అన్నది అదే చెబుతుంది. ఇదంతా ఎందుకనుకుంటే, ఓపెన్ తప్పితే తనే స్క్రిప్టును ఆపే ఆటోడై పెట్టుకోవడం మేలు. పెర్ల్‌తోపాటే వస్తుంది.

విండోస్‌లో తయారైన ఫైళ్ల గొడవ వేరే. లైను చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ ఉంటుంది. స్క్రిప్టులోనే ఉంటే లినక్స్‌లో ‘బ్యాడ్ ఇంటర్‌ప్రిటర్’ అని మొదటి లైన్లోనే ఆగుతుంది, అది అరిచే రకం. డేటాలో ఉంటే చాంప్ న్యూలైన్‌ను తీసేసి దీన్ని వదిలేస్తుంది. ఇక హ్యాష్‌లో (కీ అన్న పేరు చెబితే విలువ ఇచ్చే పట్టిక) కీ ఉన్నట్టే కనిపిస్తుంది, వెతికితే దొరకదు. ప్రింట్ చేసినా తేడా తెలియదు. డేటాను లోపలున్నట్టే చూపే డేటా డంపర్‌లో యూజ్‌క్యూక్యూ అన్న సెట్టింగును 1 చేసి చూడండి, ఆ గుర్తు \ గీతతో బయటపడుతుంది. ఈ సెట్టింగు నాకు ఆరేళ్ల తర్వాత తెలిసింది.

హ్యాష్‌లలోనే ఇంకో మర్యాదస్తుడి వేషం ఉంది, ఆటోవివిఫికేషన్. కాన్ఫిగ్ హ్యాష్‌లో మెయిల్ అన్న భాగం లోపల అడ్రసు ఉందా అని ఎగ్జిస్ట్స్‌తో అడుగుతాం. మెయిల్ భాగమే లేకపోతే, లేదని చెప్పి ఊరుకోకుండా, ఖాళీ మెయిల్ భాగాన్ని సృష్టించి మరీ ‘అడ్రసు లేదు’ అంటుంది. తర్వాత ఎక్కడో మెయిల్ ఉందా అని అడిగితే ఉందంటుంది. అడిగినందుకే పుట్టుకొచ్చే వస్తువు! రెండు మెట్ల లోతు అడగాలంటే మొదటి మెట్టును ముందు అడగాలి. ఇదే గుణం డేటా పోగుచేసేటప్పుడు ఎంత సుఖమో చెప్పలేను, ఎన్ని మెట్లయినా దానంతటదే కట్టుకుంటూ పోతుంది. అందుకే తిట్టలేక తిడుతున్నాను.

మాడ్యూళ్ల దగ్గరికి వస్తే, మాడ్యూలు దొరకలేదన్న ‘కాంట్ లొకేట్’ ఎర్రర్ చూడని పెర్ల్ మనిషి ఉండడు. ఎక్కడెక్కడ వెతికిందో ఆ ఎర్రర్‌లోనే @ఇంక్ జాబితా ఇస్తుంది. చేత్తో నడిపితే నడిచి, వేళకు స్క్రిప్టులను దానంతటదే నడిపే క్రాన్‌లో మాత్రం ఆగిందంటే ఆ రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మాడ్యూళ్లు ఎక్కడ వెతకాలో చెప్పే, మన లాగిన్‌లో ఉన్న పెర్ల్5లిబ్ సెట్టింగు క్రాన్‌కు అందదు, తేడా అంతే. 2017లో వచ్చిన 5.26 భద్రత కోసం ప్రస్తుత డైరెక్టరీని ఆ జాబితాలోంచి తీసేసింది. ఓఎస్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు పక్కనే ఉన్న ఫైలు కూడా దొరకడం లేదని నా స్క్రిప్టులు వరుసగా పడుకున్నాయి. ఫైలు పేరు ముందు చుక్క, / గీత పెడితే లేచాయి. ‘హ్యాండ్‌షేక్ కీ’ కలవలేదన్న ఎర్రర్ వస్తే మాత్రం కోడులో వెతక్కండి. సీ భాషలో రాసిన భాగం ఉన్న మాడ్యూలు ఒక పెర్ల్‌తో కంపైలై ఇంకో పెర్ల్ కింద నడుస్తోంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే. సిస్టమ్ పెర్ల్‌ను ముట్టుకోకుండా పెర్ల్‌బ్రూతో సొంత పెర్ల్ పెట్టుకున్నాక ఈ తలనొప్పి నాకు చాలావరకు తగ్గింది.

తెలుగు టెక్స్టుతో పనిచేసేవాళ్ల కోసం కాస్త ఆగి చెబుతాను. ‘తెలుగు’ అన్న మాటకు లెంగ్త్ అడిగితే పెర్ల్ 18 అనొచ్చు, 6 అనొచ్చు. డీకోడ్ చేయకపోతే, అంటే బైట్లను అక్షరాలుగా మార్చకపోతే, బైట్లే లెక్కపెడుతుంది, అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్8 పద్ధతిలో మన అక్షరానికీ గుణింతం గుర్తుకూ మూడేసి బైట్లు కాబట్టి 18. డీకోడ్ చేస్తే అక్షరాలూ గుర్తులూ కలిపి 6. మనం పలికే లెక్క 3 కావాలంటే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో ఎక్స్ పెద్దక్షరం ముందు \ గీత పెట్టి ఆ గుత్తులను లెక్కించాలి. డీకోడ్ చేయకుండా సబ్‌స్ట్రింగ్‌తో కోస్తే మూడు బైట్లలో ఒకటి తెగి, అక్షరం స్థానంలో ప్రశ్న గుర్తున్న నల్ల డైమండ్ మిగులుతుంది. ‘వైడ్ క్యారెక్టర్ ఇన్ ప్రింట్’ హెచ్చరిక వచ్చిందంటే అదృష్టం అనుకోండి, బయటికి పంపే దారికి ఎన్‌కోడింగ్ చెప్పమంటోంది అంతే. అసలు ప్రమాదం హెచ్చరిక రానప్పుడు: డీకోడ్ చేయని బైట్లను మళ్లీ ఎన్‌కోడ్ చేస్తే తోకలున్న లాటిన్ అక్షరాల దండు దిగుతుంది. ‘యూజ్ యూటీఎఫ్8’ రాశాను కదా అని చాలామంది అంటారు. అది స్క్రిప్టు ఫైలు గురించి మాత్రమే చెబుతుంది, చదివే డేటాకు దానితో సంబంధం లేదు. ఫైలు తెరిచే లైన్లోనే ఎన్‌కోడింగ్ రాసేయడం అలవాటు చేసుకోండి.

అసలైన డీబగ్గర్ ఉంది, మైనస్ డీ పెడితే వస్తుంది. నిజం చెప్పాలంటే ఏడాదికి నాలుగైదు సార్లకు మించి వాడను. సందేశం అర్థం కాకపోతే ‘యూజ్ డయాగ్నస్టిక్స్’ పెడతాను, ఎర్రర్ కిందే పేరాగ్రాఫు వివరణ ఇస్తుంది. పెర్ల్‌డాక్ ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది, దానిలాంటి మంచి డాక్యుమెంటేషన్ నేను ఎక్కువ చోట్ల చూడలేదు.

ఫిర్యాదులూ ఉన్నాయి. వెతికితే దొరికే ఉదాహరణల్లో చాలావరకు ఈనాటి పద్ధతులు లేని పాతకాలపు కోడే. పెర్ల్ 6 ఇదిగో అదిగో అంటూ ఏళ్లు గడిచి, చివరకు 2019లో రాకు అన్న పేరుతో వేరే భాషగా విడిపోయింది. ఆలోగా పెర్ల్ పనైపోయిందన్న మాట ఊరంతా పాకింది. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టి పదిమందితో రాయించాలంటే నేను పెర్ల్ ఎంచుకోను. లక్షల లైన్ల లాగ్ ఇచ్చి సాయంత్రానికి లెక్క కావాలంటే ఇంకోటి ఎంచుకోను.

ఆ సగటు స్క్రిప్టు ఇప్పటికీ నడుస్తోంది. ఆగిపోయిన పనులను ముందే పక్కకు తీసి లెక్కిస్తుంది. పోయిన నెల ఒక ఉదయం చూస్తే మెయిల్ నిండా హెచ్చరికలు, వేరియబుల్ పేరుతో, ఇన్‌పుట్ లైను నంబర్లతో. లాగ్ రాసే ప్రోగ్రాంలో ఎవరో సెకన్ల బదులు మిల్లీసెకన్లు పెట్టి, ముందున్న పేరు కూడా మార్చారు. పాత కోడే ఉండి ఉంటే మళ్లీ పని నంబర్లనే కూడుకుంటూ పోయేది. ఎక్స్‌ప్రెషన్ మార్చి, వెయ్యితో భాగించి, నడిపి చూశాను. సగటు ఆరున్నర.