అనంతపురంలో ఇల్లు కొనేవాళ్లకు హెచ్చరిక: ప్రీ అప్రూవల్ లెటర్ చూసి బయానా ఇవ్వొద్దండి

ఒళ్లు మండిపోతా ఉంది. అయినా రాయకుంటే ఇంకొకరు ఇట్లే మునుగుతారు, అందుకే రాస్తున్నా.

హోమ్ లోన్లు ఇప్పించే ఏజెంటు ఒకాయన ఉన్నాడు, మన ఊర్లో చాలామందికి తెలిసిన మనిషే. నా శాలరీ స్లిప్పులు, ఫారం 16, సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడతామా లేదా చూపించేది) చూసి 40 లక్షలకు ప్రీ అప్రూవల్, అంటే ఇంత లోన్ ఇవ్వొచ్చని బ్యాంకు ముందే ఇచ్చే లెటర్, తెప్పించినాడు. రుద్రంపేట వైపు 52 లక్షలకు ఇల్లు కుదిరింది. "లోన్ వచ్చేసినట్టే సార్, ధైర్యంగా బయానా ఇయ్యండి" అన్నాడు. ఓనరు ఇంట్లో 4 లక్షలు ఇచ్చేటప్పుడు పక్కన కూర్చుని నోట్లు తనూ లెక్కబెట్టినాడు. అగ్రిమెంటులో సాక్షి సంతకమూ ఆయనదే.

తర్వాత బ్యాంకు ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చి కొలిచినాడు. ప్లాన్‌లో పైన ఒక అంతస్తే ఉంది, కట్టింది రెండు. అనుమతి లేని అంతస్తుకు రూపాయి విలువ కట్టలేదు. ఇంటి విలువ మొత్తం 40 లక్షలకు తేల్చి, అందులో 80 శాతం, 32 లక్షలే ఇస్తామన్నారు.

ఏజెంటు ఆఫీసుకు పోయి అడిగితే ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు. "ఆ లెటర్ మీ జీతానికి ఇచ్చింది సార్, ఇంటికి కాదు" అన్నాడు. సొరుగులోంచి లెటర్ రెండో పేజీ తీసి టేబుల్ మీద పడేసినాడు. లీగల్ (ఇంటి కాగితాలు), టెక్నికల్ (ఇంటి కట్టడం, విలువ) రిపోర్టులు బాగుంటేనే లోన్ అని అందులో వరసగా రాసి ఉంది. నాకు వాట్సాప్‌లో పంపింది మొదటి పేజీ ఒక్కటే! ఇది ఎందుకు పంపలేదయ్యా అంటే, "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు. ఆ 4 లక్షల్లో మా అమ్మ గాజులు అమ్మిన డబ్బు ఉందని ఆయనకు తెలుసు. తెలిసీ ఆ మాట అన్నాడు.

ఓనరేమో "మూడు నెలల్లో మిగతాది కట్టకుంటే బయానా పోతుందని రాసుకున్న్యాం కదప్పా" అంటాడు. వాపసు మాటే ఎత్తనీయడు.

ప్రీ అప్రూవల్ తీసుకోండి, మనకెంత లోన్ వస్తుందో తెలుస్తుంది. కానీ అది మన ఆదాయం చూసి ఇచ్చేది, ఇంటి కాగితాలు ఇంకా ఎవరూ చూసి ఉండరు. లెటర్ అన్ని పేజీలూ చేతికి తీసుకోండి. బయానాకు ముందే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల నుంచి వచ్చిన దస్తావేజులు), ప్లాన్ జిరాక్సులు బ్యాంకు లాయరుకు చూపించండి. లోన్ రాకుంటే బయానా వాపసు అని అగ్రిమెంటులో రాయించండి, ఒప్పుకోకుంటే ఆ ఇల్లు వదిలేయండి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం కూడా మన చేతినుంచే పెట్టుకోవాల.

ఆ ఇంటికి మళ్లీ బేరాలు పెట్టినారు, చూపించేది అదే ఏజెంటు. రుద్రంపేట వైపు పైన రెండంతస్తులున్న ఇల్లు ఎవరికైనా చూపిస్తే, లోపలికి పోకముందే ప్లాన్ కాపీ అడగండి.