చార్మినార్ రూపాయి పంపితే ఇంకో చార్మినార్ రూపాయి తిరిగొచ్చింది

ఐదుకు రెండు నక్షత్రాలు. పాత నాణేలు, స్టాంపులు అమ్ముకోవడానికి నేను వాడుతున్న ఆన్‌లైన్ సేవకు నేనిచ్చే మార్కులు ఇవి. పేరు రాయను. ఇలాంటి సేవలన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి పేరుతో పెద్దగా పని లేదు. దాని మీద నాకు కనిపించిన సమీక్షలన్నీ కొన్నవాళ్లు రాసినవే. పార్శిల్ ఆలస్యమైందని ఒకరు, ఫొటోలో ఉన్నంత మెరుపు లేదని ఇంకొకరు. అమ్మేవాళ్ల వైపు నుంచి కూడా ఒకటి ఉండాలి కదా అని ఇది రాస్తున్నాను.

ముందు నా సరుకు సంగతి. మా మామగారు సికింద్రాబాదులో రైల్వే ఉద్యోగం చేశారు. చేతికొచ్చిన చిల్లరలో నచ్చిన నాణెం కనిపిస్తే ఖర్చు పెట్టకుండా దాచేవారు. హైదరాబాదు రాష్ట్రం భారతదేశంలో కలిశాక కూడా కొన్నేళ్లు నిజాం సొంత డబ్బు, హాలీ సిక్కా, చెలామణిలో ఉంది కాబట్టి ఆయనకు దాచుకోవడానికి కొదవ లేకపోయింది. ఇప్పుడా పెట్టె నా దగ్గర ఉంది. ఒకే రకానివి రెండు మూడు ఉంటే ఒకటి ఉంచుకుని మిగతావి అమ్ముతున్నాను. వాటిలో ఎక్కువ భాగం చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ రూపాయలు, బ్రిటిష్ రాజు ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయలు, కొన్ని 1948 గాంధీ స్టాంపులు. నేను ఉద్యోగకాలమంతా బ్యాంకు క్యాష్ కౌంటర్ వెనక గడిపినదాన్ని. ఎదుటి మనిషి నోట్ల కట్ట అందించే తీరులోనే లెక్కలో తేడా ఉందేమోనన్న అనుమానం వచ్చేది. ఆన్‌లైన్‌లో ఆ మనిషి కనిపించడు. మోసాలు మాత్రం పాతవే.

సేవలో బాగున్నవి కూడా చెప్పాలి. 2018 ఆగస్టులో ఈబే ఇండియా మూతపడ్డాక మనలాంటి చిన్న అమ్మకందార్లు నాణేల ప్రదర్శనల చుట్టూ, వాట్సాప్ గుంపుల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇక్కడ ఆ బాధ లేదు. కోయంబత్తూరులో ఉన్నవాళ్లూ అస్సాంలో ఉన్నవాళ్లూ నా నాణెం చూస్తారు. ఒక్కో వస్తువుకు పన్నెండు ఫొటోల దాకా పెట్టనిస్తారు. డబ్బు ముందే వాళ్ల ఖాతాలో పడుతుంది, వాపసు గడువు దాటాక నాకు వస్తుంది. ఎగవేత బెడద లేనట్టే. కొనేవాళ్లలో అత్యధికులు పెద్దమనుషులు. పార్శిల్ అందగానే నాణెం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, "చాలా బాగుందండీ, ఇంకో సంవత్సరానిది ఉంటే చెప్పండి" అని రాసేవాళ్లే ఎక్కువ. ఆ రెండు నక్షత్రాలూ వాళ్ల పుణ్యమే.

మిగతా మూడూ ఎందుకు పోయాయో చెప్పడానికి ఒక నాణెం కథ చాలు.

హిజ్రీ (ఇస్లామీ క్యాలెండరు) 1361వ సంవత్సరపు చార్మినార్ రూపాయి ఒకటి అమ్మాను. ఎరగనివాళ్ల కోసం: ఈ రూపాయికి ఒక వైపు చార్మినార్ ఉంటుంది, దాని మధ్య ద్వారంలో ఉస్మాన్ పేరుకు గుర్తుగా ఉర్దూ 'ఐన్' అక్షరం ఉంటుంది. అంతకుముందు ఆయన తండ్రి మహబూబ్ అలీ ఖాన్ నాటి నాణేల మీద అదే చోట 'మీమ్' ఉండేది. వెండి వెయ్యికి 818 పాళ్లు, తూకం 11 గ్రాముల 18 సెంటిగ్రాముల చుట్టుపక్కల. నేను పంపిన నాణెం 11.15 తూగింది. ఎడమ మినారు పై నుంచి అంచు దాకా వెంట్రుకంత సన్నని ఉబ్బెత్తు గీత ఉంది. ముద్రించేటప్పుడు అచ్చు పగిలి ఉంటే ఆ పగులులోకి వెండి వెళ్లి అలాంటి గీత వస్తుంది. సేకరించేవాళ్లకు అది వేలిముద్రతో సమానం. ఆ గీత విడిగా కనిపించేలా ఫొటో పెట్టాను, వివరంలో రాశాను కూడా.

కొన్న ఆయన ఐదో రోజున "వర్ణించినట్టు లేదు" అని వాపసు పెట్టాడు. తిరిగొచ్చిన పొట్లంలోనూ 1361 రూపాయే ఉంది. అది కూడా అసలైనదే, వెండిదే. కాకపోతే చార్మినార్ గోపురాలు అరిగి నున్నగా ఉన్నాయి, తూకం 11.02, మినారు మీద గీత లేదు. తన దగ్గరున్న అరిగిన నాణేన్ని నాకు అంటగట్టి, నా నాణేన్ని ఉంచుకున్నాడు. నకిలీ పంపి ఉంటే పట్టుకోవడం సులువు. అసలుకు అసలే పంపాడు. పనితనం తెలిసిన దొంగ.

ఫిర్యాదు పెట్టాను. వచ్చిన జవాబు: "మీరు అమ్మిన వస్తువు, తిరిగి వచ్చిన వస్తువు ఒకటేనని మా పరిశీలనలో తేలింది." వాళ్లు పరిశీలించింది ఏమిటంటే పేరు, సంవత్సరం, గుండ్రంగా ఉందా లేదా. ఈ సేవ ఫోను కవర్లు అమ్మడానికి కట్టిన యంత్రాంగం. ఫోను కవరు విషయంలో ఆ మోడల్‌ది ఏది తిరిగొచ్చినా ఒకటే, దుకాణదారుకు నష్టం లేదు. మా వ్యాపారంలో అదే సంవత్సరపు, అదే టంకశాల నాణేలు రెంటిమధ్య ధరలో పదింతల తేడా ఉండవచ్చు. ఈ ఒక్క సంగతి వాళ్ల నిబంధనల్లో ఎక్కడా లేదు. మోసం చేసే కొనుగోలుదారుడు మాత్రం దీన్ని క్షుణ్ణంగా చదువుకుని వస్తాడు.

రెండోసారి ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి, గీత చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, తూకం యంత్రం మీద ఉన్న చిత్రాలు జతచేసి పంపాను. ఈసారి ఎవరో మనిషి చూసినట్టున్నారు. సగం డబ్బు ఇచ్చారు, "సద్భావనగా" అట. నాకు కావలసింది న్యాయం, సద్భావన కాదు అని రాస్తే జవాబు లేదు. కమిషన్ తిరిగి రాలేదు, దాని మీద 18 శాతం జీఎస్టీ కూడా రాలేదు. ఆ కొనుగోలుదారుడు ఇప్పటికీ అక్కడే కొంటున్నాడు. అతని వాపసుల చరిత్ర ఏమిటో అమ్మేవాళ్లకు కనిపించదు. నా మీద అతను సమీక్ష రాయవచ్చు, అతని మీద నేను రాయడానికి వీల్లేదు. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, కొనేవాళ్లకు అమ్మకందార్లు ప్రతికూల సమీక్ష ఇవ్వకుండా ఈబే 2008లోనే ఆపేసింది. అమ్మేవాళ్లు కక్షతో చెడ్డ మార్కులు వేస్తారన్న భయం వల్ల పెట్టిన నియమం అది, ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ కనీసం "ఈయన ఇన్ని కొన్నాడు, ఇన్ని తిప్పి పంపాడు" అన్న లెక్క చూపించడానికి ఏమి అడ్డు?

వాపసు హక్కునే తప్పుపడుతున్నాననుకోవద్దు. వస్తువు వర్ణించినట్టు లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అది సబబైన నియమం. "1818 ఈస్టిండియా కంపెనీ హనుమంతుడి నాణెం" అని ఇత్తడి బిళ్లలు లక్షలకు అంటగట్టేవాళ్లు ఉన్న బజారు ఇది. కంపెనీ అలాంటి నాణెం ఏనాడూ చెలామణికి వేయలేదు. కొనేవాళ్లకు రక్షణ ఉండాల్సిందే. నా గొడవంతా "వర్ణించినట్టు లేదు" అన్న మాట నిజమో కాదో తేల్చే మనిషి గురించి.

ఉదాహరణకు జార్జి రూపాయలు. 1939 దాకా బ్రిటిష్ ఇండియా రూపాయిలో వెండి 91.7 శాతం. యుద్ధం వచ్చి వెండికి కరువు రావడంతో 1940 నుంచి సగానికి దించారు. మిగతాది రాగి, నికెల్, జింకు. నేను 1944 రూపాయి పెట్టినప్పుడు "వెండి 50 శాతం" అని మొదటి వరుసలోనే రాస్తాను. అయినా ఒకాయన కంసాలి దగ్గర గీయించి, "సగమే వెండి, నకిలీ" అని ఫిర్యాదు చేశాడు. పైగా నాణెం మీద ఆకురాయి గీత. అసలు నాణేన్ని గీకి దాని విలువ పోగొట్టి, అసలుది కాదని తిప్పి పంపడం! ఇతను మోసగాడో అజ్ఞానో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. ఆ కేసులో మాత్రం సేవవాళ్లు నా వివరం చదివి నా వైపే తీర్పిచ్చారు. ఆ మాట కూడా చెప్పాలి.

స్టాంపులవాళ్లది ఇంకో దారి. 1948 ఆగస్టు 15న గాంధీగారి స్టాంపులు నాలుగు వచ్చాయి: అణాన్నర, మూడున్నర అణాలు, పన్నెండు అణాలు, పది రూపాయలు. స్విట్జర్లాండులో ముద్రించారు. వీటి ధర ముందు వైపు కన్నా వెనక వైపు మీద ఆధారపడుతుంది. జిగురు చెక్కుచెదరకుండా ఉంటే ఒక ధర, ఆల్బంలో పెట్టడానికి హింజ్ (చిన్న జిగురు కాగితం) అంటించిన మచ్చ ఉంటే అందులో ఎంతో తక్కువ. పన్నెండు అణాల స్టాంపు కొన్న ఒకాయన రాశాడు: "మేడమ్, జిగురు మీద చిన్న మచ్చ ఉంది. నాకు ఇబ్బంది లేదు, ఎనిమిది వందలు వెనక్కి ఇచ్చేయండి, ఉంచుకుంటాను." అన్నిటికన్నా ఎక్కువ నడిచే కిటుకు ఇదే. వాపసు తలనొప్పి ఎందుకులే, పోతే పోయిందని అమ్మేవాళ్లు ఇచ్చేస్తారు. "అయ్యో, మచ్చ ఉన్నది మీకెందుకండీ, వెనక్కి పంపండి, పూర్తి డబ్బు ఇస్తాను. డబ్బు పంపేముందు జిగురు వైపు నా ఫొటోతో పోల్చి చూస్తాను" అని రాశాను. అంతే, మళ్లీ ఉలుకూ పలుకూ లేదు. స్టాంపూ తిరిగి రాలేదు. ఆ మచ్చతోనే సుఖంగా ఉన్నాడనుకుంటాను.

పెళ్లికి పట్టుచీర కట్టుకుని మర్నాడు దుకాణానికి తిరిగిచ్చేసే రకం కూడా ఉంది. వీడియోలో చూపించుకోవడానికి నాణెం తెప్పించుకుని, గడువు చివరి రోజున వాపసు పెడతారు. "ప్రస్తుతం సైన్యంలో ఉన్నాను, డబ్బు పంపిస్తున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కండి" అనేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. డబ్బు తీసుకోవడానికి పిన్ అడగరని క్యాషియర్‌కు ఎవరూ చెప్పనవసరం లేదు. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామని, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమని రిజర్వు బ్యాంకు పేరు చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. అలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే ప్రకటన ఇచ్చింది.

ఒక్కరి విషయంలో మాత్రం మనసు కష్టపడింది. విదేశంలో ఉన్న తెలుగాయన, తాతగారి ఊరు హైదరాబాదు పాతబస్తీ అట. 'మీమ్' ఉన్న రూపాయి కావాలన్నారు. ఎంతైనా ఇస్తారట, "పార్శిల్ మీద కీచైన్ అని రాసి పంపండి ఆంటీ" అన్నారు. నూరేళ్లు దాటిన నాణెం మన 1972 చట్టం లెక్కలో పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం, పైగా కస్టమ్స్ కాగితం మీద అబద్ధం రాసి సంతకం పెట్టేది నేను. ఇండియాకు వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియం చూడండి నాయనా అని చెప్పి ఊరుకున్నాను. అసలా నాణెం అమ్మకానికి పెట్టనే లేదు.

ఇక్కడ అమ్మదలచుకున్నవాళ్లకు నా పద్ధతి చెబుతాను. వందో వంతు గ్రాము చూపించే చిన్న తూకం యంత్రం తప్పనిసరి. నాణెం దాని మీద ఉండగానే అంకె కనిపించేలా ఫొటో తీస్తాను. ప్రతి నాణెంలోనూ దానికే ప్రత్యేకమైన గుర్తొకటి వెతికి పట్టుకుంటాను: అంచు మీద దెబ్బ, అచ్చు పగులు, అక్షరం పక్కన చుక్క. స్టాంపుకైతే అంచు పళ్లలో పొట్టిది ఏది, బొమ్మ ఏ వైపుకు జరిగి ఉంది. ఆ గుర్తును వివరంలోనే రాస్తే మార్చి పంపుదామనుకునేవాళ్లు సగం మంది అక్కడే వెనక్కి తగ్గుతారు. నాణేన్ని రెండు అట్టముక్కల మధ్య కదలకుండా పెడతాను. కదిలి చప్పుడైతే దారిలో చేతులు మారేవాళ్లందరికీ లోపల ఏముందో తెలిసిపోతుంది. మెత్తటి పీవీసీ కవర్లు వాడను, వాటిలో ఎక్కువకాలం ఉంటే నాణేనికి ఆకుపచ్చ జిడ్డు పడుతుంది. స్పీడ్ పోస్ట్ రసీదు మీద పార్శిల్ బరువు అచ్చవుతుంది, దాన్ని పారేయకండి. ఖాళీ కవరు వచ్చిందని ఒకాయన గోల పెట్టినప్పుడు ఆ రసీదే నన్ను కాపాడింది. డబ్బు కట్టాక "వేరే చిరునామాకు పంపండి" అంటే పంపవద్దు. ఆర్డరులో ఉన్న చిరునామాకు చేరితేనే సేవ మన వైపు మాట్లాడుతుంది.

ఇంత కాపలా కాస్తే రెండు మూడు వేల లోపు నాణేలకు ఈ సేవ పనికొస్తుంది. నేనూ మానలేదు. మొన్ననే చార్మినార్ రూపాయి నాణేలు రెండు అమ్మకానికి పెట్టాను, పన్నెండేసి ఫొటోలతో. గాంధీగారి పది రూపాయల స్టాంపు మాత్రం అక్కడ పెట్టను. అది ఏదో ఒక వేలం సంస్థకు ఇస్తాను. వేలానికి ముందు ఎవరైనా వచ్చి భూతద్దంతో జిగురు, పళ్లు చూసుకోవచ్చు. చూసి పాట పాడాక నాణ్యత బాగాలేదనడం అంత తేలిక కాదు. కమిషన్ ఎక్కువే తీసుకుంటారు, డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతుంది. పడనీ.