పన్నెండేళ్లు వాడి అమ్మేసిన యమహా ఎఫ్ 310: ఆలస్యంగా రాస్తున్న సమీక్ష

ఈ గిటార్ ఇప్పుడు నా దగ్గర లేదు. 2007 జూన్‌లో కొన్నాను, 2019 ఆగస్టులో మూడున్నర వేలకి అమ్మేశాను. చేతిలో లేని వస్తువుకి సమీక్ష ఏమిటని మీరు అడగొచ్చు, కానీ ఉన్నప్పుడు రాసి ఉంటే కచ్చితంగా తప్పు రాసేవాణ్ణి. ఉన్న పన్నెండేళ్లూ సౌండ్ ఒక్కటే చూసి దానికి మార్కులు వేశాను. మా ఇంట్లో అది చేస్తున్న పని ఏమిటో, దానికంటే ఐదారు రెట్లు ఖరీదైన గిటార్ వచ్చి దాని చోటు తీసుకున్నాక గానీ నాకు అర్థం కాలేదు.

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. సాయంత్రం గాలి మళ్లితే పెదాల మీద ఉప్పు తెలిసేంత దగ్గర సముద్రం. డాబా గార్డెన్స్‌లో ఒక షాపులో ఆరున్నర వేలకి కొన్నాను, అప్పటి నా జీతంలో అది చిన్న మొత్తం కాదు. అదే షాపులో రెండు వేలకే వచ్చే గిటార్లు కూడా ఉన్నాయి. రెండు తీసి వాయించి చూస్తే మెడ మొదట్లో పట్టుకునే ఓపెన్ కార్డ్‌లు (కార్డ్ అంటే కొన్ని స్వరాలు ఒకేసారి పలికించే పట్టు) బాగానే పలికాయి కానీ ఐదో ఫ్రెట్, అంటే మెడ మీద అడ్డంగా ఉండే ఐదో లోహపు పట్టీ, దాటాక శృతి నిలవలేదు. యమహా మొదటి ఫ్రెట్ల దగ్గర ఎలా పలికిందో పన్నెండో ఫ్రెట్ దగ్గరా అంత సరిగ్గానే పలికింది. అదొక్కటే చూసి కొన్నాను. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ నాకు ఏ అనుమానమూ లేదు.

దీని స్కేల్, అంటే మెడ పైచివర తీగలు ఆనే నట్ నుంచి, ఒంటి మీద తీగల్ని పట్టి ఉంచే బ్రిడ్జిలో అవి ఆనే శాడిల్ దాకా తీగ కదిలే పొడవు, 634 మిల్లీమీటర్లు. ఈ సైజు గిటార్లకి చాలావాటికి 645, 650 ఉంటుంది. వినడానికి సెంటీమీటరు తేడానే కానీ అదే శృతికి తీగ కాస్త వదులుగా ఉంటుంది, వేలి కింద మెత్తగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లని ఏడిపించే, ఒక్క వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ బార్ కార్డ్ నాకు రెండు నెలల్లో పట్టుబడిందంటే కొంత పుణ్యం ఈ సెంటీమీటరుదే. టాప్, అంటే తీగల కింద ఉండే ముందు భాగం, స్ప్రూస్ కలపే గానీ ఒకే పలక కాదు, పల్చటి పొరలు అతికించిన ప్లై. గిటార్ వాయించేవాళ్లు దీన్ని చిన్నచూపు చూసేది ఇక్కడే. ‘ప్లైవుడ్ గిటార్’ అని పెదవి విరుస్తారు. నేనూ విరిచాను.

సౌండ్ విషయం దాచకుండా చెబుతాను. స్ట్రమ్మింగ్‌కి చాలా బాగుంటుంది, గొంతుకి అడ్డం రాదు. ఒక్కో తీగా విడివిడిగా మీటుతూ నెమ్మదిగా వాయించేటప్పుడు మాత్రం స్వరం తొందరగా ఆరిపోతుంది, మందపాటి తీగల్లో గుమ్మని నిండుదనం ఉండదు. టాప్ ఒకే పలకతో చేసిన మంచి సాలిడ్ టాప్ గిటార్ పక్కన పెట్టి వింటే తేడా ఎవరికైనా తెలుస్తుంది. పాతబడే కొద్దీ కలప విచ్చుకుని పలుకుతుందంటారు కదా, అది ఒకే పలక టాప్‌లో తెలిసినంతగా ప్లైలో తెలియదు. పన్నెండేళ్లలో నా చెవికి అలాంటి మార్పేమీ వినపడలేదు.

కానీ ప్లైకి ఇంకో గుణం ఉంది, దాని విలువ సముద్రం పక్కన ఉండేవాళ్లకే తెలుస్తుంది. పొరల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, నిలువుగా అతికిస్తారు కాబట్టి తేమకి ఒక పొర ఉబ్బబోతే పక్క పొర పట్టుకుని ఆపుతుంది. ఒకే పలకకి అలా ఆపేవాళ్లు ఎవరూ లేరు. గిటార్ దగ్గర గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉండాలని తయారుచేసేవాళ్లు చెబుతారు. మా ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు 70 పైనే. అలాంటి చోట నా గిటార్ పన్నెండేళ్లు హాల్లో మేకుకి వేలాడింది. కవరు లేదు, పెట్టె లేదు. మామూలు తీగల సెట్టు ఆరూ కలిపి దాదాపు 70 కిలోల బిగువుతో బ్రిడ్జిని లాగుతుంటాయి, అయినా ఆ బ్రిడ్జి ఒక్కసారి కూడా లేవలేదు.

ఉప్పు గాలి చేసిన నష్టం ఉంది. సన్నటి రెండు తీగలు నెల తిరిగేసరికి తుప్పు పట్టి వేళ్లకి గరగర తగిలేవి, తీగల ఖర్చు మిగతా ఊళ్లవాళ్ల కంటే నాకు రెట్టింపు అయి ఉంటుంది. ట్యూనింగ్ కీలు బిగుసుకుపోతే కుట్టు మిషన్ ఆయిల్ ఒక్కో చుక్క వేసేవాణ్ణి. మెడ కొద్దిగా వంగి తీగలు ఎత్తయినప్పుడు సౌండ్ హోల్లోంచి అలెన్ కీ పెట్టి, మెడ లోపలుండే ట్రస్ రాడ్ అనే కడ్డీని పావు చుట్టు తిప్పితే సర్దుకునేది. అప్పటికీ ఎత్తు ఉంటే శాడిల్ తీసి అడుగున గరుకు కాగితం మీద అరగదీయాలి. ఇక్కడ లెక్క గుర్తుపెట్టుకోండి: పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు తీయాలి. తీసిన ప్రతిసారీ ఆ నెల, సంవత్సరం లోపలి బద్ద మీద పెన్సిల్‌తో రాసేవాణ్ణి. 2009, 2011, 2015. మూడే తారీఖులు.

హుద్‌హుద్ తుఫాను సంగతి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తి కాదు. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హాలు కిటికీ అద్దం పగిలిపోయింది, వాన అడ్డంగా కొట్టి గోడంతా తడిసింది, గోడకున్న గిటార్ కూడా. మేమంతా వెనక గదిలో ఉన్నాం, దాని గురించి ఆలోచించే పరిస్థితి కాదు. గాలి తగ్గాక వచ్చి చూస్తే ఒళ్లంతా నీళ్లు, లోపల కూడా కొద్దిగా. తువ్వాలుతో తుడిచి, తీగలు వదులు చేసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టాను. మూడో రోజు బిగించి వాయిస్తే ఎప్పటిలాగే పలికింది. మా వీధికి కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. ఆ రాత్రుళ్లు చుట్టుపక్కలవాళ్లంతా మా డాబా మీదకి చేరేవాళ్లు, పడిపోయిన చెట్ల గురించి, పాల ప్యాకెట్ల గురించి మాట్లాడుకుని మాట్లాడుకుని అలసిపోయాక, అమ్మ పాడేది, నేను వాయించేవాణ్ణి.

అమ్మది ఐదున్నర శృతి. గిటార్ లెక్కలో జి షార్ప్. మొదటి ఫ్రెట్ మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, పెట్టి జి కార్డ్ పట్టుకుంటే సరిగ్గా అమ్మ షడ్జమం. అమ్మ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదు, రేడియోలో లలిత సంగీతం వింటూ పాడుకున్న గొంతు, కానీ చెవి చాలా గట్టిది. మోహన రాగంలో పాడుతున్నప్పుడు అలవాటుకొద్దీ నేను డి కార్డ్ కొడితే వెంటనే ఆగిపోయేది. ‘అది లేదురా ఇందులో’ అనేది. ఏది లేదో తనకి కార్డ్‌ల భాషలో చెప్పడం రాదు. నేను కూర్చుని వెతికితే తెలిసింది, డి కార్డ్‌లో ఉన్న ఎఫ్ షార్ప్ అక్కడ నిషాదం అవుతుంది, మోహనంలో నిషాదం లేదు. సి కొట్టినా అంతే, మధ్యమం దూరుతుంది. జి, ఇ మైనర్, ఆ రెండే మిగిలాయి. రెండు కార్డ్‌లతో కీర్తన మొత్తం విసుగు రాకుండా ఎలా నడపాలో ఆ గిటార్ మీదే నేర్చుకున్నాను. క్లాసుకి వెళ్లినా అది నాకు ఎవరూ చెప్పి ఉండేవాళ్లు కాదేమో.

ఏళ్ల తరబడి క్యాపో ఒకే చోట బిగించడం వల్ల మొదటి ఫ్రెట్ మీద ఆరు తీగల చోటా చిన్న చిన్న గాట్లు పడ్డాయి. ఈ గాట్ల సంగతి మళ్లీ వస్తుంది.

ఎందుకు అమ్మాను? 2019లో 36 వేలు పెట్టి సాలిడ్ టాప్ గిటార్ కొన్నాను. ఇల్లు చిన్నది, రెండెందుకు అనిపించింది. పైగా ఆ జూన్‌లోనే పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ తన 120కి పైగా గిటార్లని న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో పెట్టాడు, బ్లాక్ స్ట్రాట్ అనే ఆయన నల్ల గిటార్ ఒక్కటే 39 లక్షల 75 వేల డాలర్లకి పోయింది. అంతటివాడే వదులుకోగా నాకేమిటి అనుకున్నాను. ఆ పోలిక ఎంత తప్పో తర్వాత తెలిసింది. ఆయన వాతావరణ మార్పు మీద పనిచేసే ఒక సంస్థకి ఆ డబ్బు ఇవ్వడం కోసం అమ్మాడు, పైగా బ్లాక్ స్ట్రాట్‌కి అచ్చు నకళ్లు అప్పటికే తయారై ఉన్నాయి. నేను మాత్రం గోడ మీద ఒక మేకు ఖాళీ చేయడానికి అమ్మాను.

కొనడానికి డిప్లొమా చదివే కుర్రాడు గాజువాక నుంచి వచ్చాడు. మంచి పిల్లాడు, మెడ ఒంటికంటితో చూశాడు, కీలు తిప్పి చూశాడు, అన్నీ సరిగ్గా చూశాడు. నాలుగు వేలు అన్నాను. మొదటి ఫ్రెట్ మీద గాట్లు చూపించి, ‘అన్నయ్యా, ఇవి ఉన్నాయి కదా, ఒక ఐదు వందలు తగ్గించండి’ అన్నాడు. న్యాయమే అనిపించి తగ్గించాను. అమ్మ వంటింట్లోంచి వింటూనే ఉంది. బండి వెళ్లిపోయాక ‘అమ్మేశావా’ అని మాత్రం అంది.

కొత్త గిటార్‌ది నిజంగా గొప్ప శబ్దం, దాన్ని తక్కువ చేయను. ఒక్క తీగ మీటితే గది చివరిదాకా వెళ్లి ఆగుతుంది. కానీ మొదటి వానాకాలానికే టాప్ పొట్టలా ఉబ్బింది, పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండున్నర మిల్లీమీటర్లు ఉన్న తీగల ఎత్తు మూడున్నరకి చేరింది. అది కంపెనీ లోపం కాదు, ఒకే పలక కలప ఈ గాలిలో అలాగే ప్రవర్తిస్తుంది. అప్పటినుంచి అది గట్టి పెట్టెలో, సిలికా జెల్ సంచులతో, తేమ చూపించే చిన్న మీటరుతో ఏసీ గదిలో ఉంటోంది. వాయించాలంటే గదిలోకి వెళ్లాలి, పెట్టె కిందికి దించాలి, నాలుగు గొళ్లాలు తీయాలి, అయ్యాక మళ్లీ తుడిచి పెట్టాలి. ఇదివరకు కుక్కర్ మూడో విజిల్ వచ్చేలోపు ఐదు నిమిషాలు వాయించేవాణ్ణి, ఆఫీసు బ్యాగ్ దించకుండానే రెండు కార్డ్‌లు కొట్టేవాణ్ణి, అమ్మ ఏదైనా కూనిరాగం తీస్తే చెయ్యి చాపితే గోడ మీద అందేది. కొత్తది వచ్చాక వారానికి రెండుసార్లు, తర్వాత ఒకసారి. అమ్మ హాల్లో పాడటం మొదలుపెట్టి, నేను గదిలోంచి పెట్టె తెరిచి వచ్చేసరికి పాట అయిపోయేది. కొన్నాళ్లకి మొదలుపెట్టడమే తగ్గించింది.

ఇది ప్రేమకొద్దీ మాత్రమే అంటున్న మాట కాదు. తేమ ఊళ్లో, రోజూ కొద్దికొద్దిగా వాయించేవాళ్లకి, ఎఫ్ 310 నా ఖరీదైన గిటార్ కంటే మంచి గిటార్ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. రికార్డింగ్‌కి, స్టేజీకి, ఒక్కొక్క స్వరం విని ఆనందించడానికి ఖరీదైనదే కావాలి, దానికి ఎదురు లేదు.

2021లో ఆ కుర్రాడికి ఫోన్ చేశాను, నంబరు పనిచేయలేదు. అప్పట్లో వాడితో వచ్చిన స్నేహితుడు దొరికితే, ఉద్యోగానికి పుణె వెళుతూ ఎవరికో ఇచ్చేశాడని తెలిసింది. అక్కడితో దారి ఆగిపోయింది. ఎక్కడైనా పాత ఎఫ్ 310 కొని ఉంటే లోపలికి టార్చి వేసి చూడండి, బద్ద మీద పెన్సిల్‌తో ఆ మూడు సంవత్సరాలు ఉంటే అది నాదే.

2023లో విజయనగరంలో ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్ ఎఫ్ 310 ఐదున్నర వేలకి కొన్నాను. పాతది కొనేవాళ్లు రంగు చూడకండి, బ్రిడ్జి లేచి దాని వెనక కాగితం దూరుతుందేమో చూడండి, ప్రతి తీగనీ ప్రతి ఫ్రెట్ దగ్గరా ఒకసారి మీటండి, ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందో లేదో అడిగి ముందే చూసుకోండి. నాది అన్నిటిలోనూ బాగానే ఉంది. సౌండ్ అదే, స్కేల్ అదే, బరువు అదే. క్యాపో గాట్లు మాత్రం దీనికి రెండో ఫ్రెట్ మీద ఉన్నాయి, ముందు వాడినవాళ్ల ఇంట్లో ఎవరిదో వేరే శృతి.

హాల్లో అదే మేకుకి తగిలించాను. అమ్మకి డెబ్బై దాటాయి, గొంతు ఐదున్నర నుంచి ఐదుకి దిగింది. ఐదంటే జి. క్యాపో అవసరం లేదు. పోయిన ఆదివారం కూరలు తరుగుతూ మోహనం ఎత్తుకుంది, నేను గోడ మీంచి తీసి జి కొట్టాను, తర్వాత ఇ మైనర్.