వాల్‌ఐ కోసం 60 డాలర్ల రీల్: డ్రాగ్‌కి దండం, చలిలో మాత్రం జాగ్రత్త

చేపల గాలానికి వాడే ఈ రీల్ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. కారణం దాని డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగినప్పుడు లైన్ (గాలపు దారం) తెగకుండా కొంచెం కొంచెంగా వదిలే ఏర్పాటు. 60 డాలర్లకు కొన్న 2500 సైజు స్పిన్నింగ్ రీల్ ఇంత మెత్తగా, ఇంత నమ్మకంగా లైన్ వదులుతుందని నేను అనుకోలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో వాల్‌ఐ అనే మంచినీటి చేప కోసం సరస్సుల చుట్టూ తిరిగే మనవాళ్ళు ఈమధ్య బాగానే కనిపిస్తున్నారు. "వంద లోపల ఏ రీల్ కొనమంటారు?" అని అడిగేవాళ్ళూ ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు మాత్రం రాయడం లేదు. ఇదే ధరలో, లోపల దాదాపు ఇదే అమరికతో వచ్చే రీళ్ళు షాపులో పక్కపక్కనే నాలుగైదు ఉంటాయి. నా అనుభవం వాటన్నిటికీ ఎంతో కొంత వర్తిస్తుంది.

బేరింగులు ఎన్ని, గేర్ రేషియో ఎంత, బరువెంత అన్నవి డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. ఒక్క అంకె గురించి మాత్రం చెప్పాలి. డబ్బా మీద గరిష్ఠ డ్రాగ్ ఇన్ని పౌండ్లు అని పెద్దక్షరాలతో వేస్తారు. వాల్‌ఐకి ఆ అంకెతో పనిలేదు. నేను వాడేది 6 పౌండ్ల లాగుడు ఓర్చుకునే మోనో లైన్ (ఒంటి పోగు నైలాన్ దారం). దానికి డ్రాగ్ 2 పౌండ్ల దగ్గర పెట్టుకుంటే చాలు. ఆ 2 పౌండ్ల దగ్గర చేప లాగినప్పుడు స్పూల్ (లైన్ చుట్టి ఉండే చక్రం) ఎలా కదలడం మొదలుపెడుతుంది, తడబడుతుందా, వెంటనే వదులుతుందా అన్నదే నాకు కావాలి.

ఎందుకంటే వాల్‌ఐ గాలానికి పడ్డాక పైకెగిరి గంతులేసే రకం కాదు. అడుగునే ఉండి తల విదిలిస్తూ వస్తుంది. అలసిపోయిందిలే అనుకుంటాం. పడవ దగ్గరికి వచ్చి వల కనబడగానే ఒక్క ఉదుటున కిందికి వెళ్ళిపోతుంది. అప్పటికి రాడ్ చివర నుంచి చేప దాకా ఉండే లైన్ చాలా తక్కువ, సాగడానికి చోటుండదు. చిన్న జిగ్ (తల దగ్గర బరువున్న గాలం) కొక్కెం నోట్లో ఏ పల్చటి చోటో పట్టుకుని ఉంటుంది. డ్రాగ్ ఒక్క క్షణం బిగుసుకుంటే లైనైనా తెగుతుంది, కొక్కెం పడ్డ కన్నమైనా పెద్దదై చేప జారిపోతుంది. చేప పోయేది ఎక్కువగా అక్కడే.

మిల్ లాక్స్ సరస్సు మీద ఈ డ్రాగ్ ఏం చేసిందో చెప్పాలి. మినియాపొలిస్ నుంచి 169 హైవే పట్టుకుని ఉత్తరంగా వెళ్తే వస్తుంది, దాదాపు లక్షా ముప్పై వేల ఎకరాల సరస్సు. నాకు సొంత పడవ లేదు కాబట్టి అక్కడ లాంచ్ ఎక్కుతాను. మనిషికింత అని కట్టి పదిమందీ కలిసి వెళ్ళే పెద్ద పడవలవి. జూన్‌లో, పొద్దు వాలే వేళ. గాలికి నీళ్ళు కదులుతున్నాయి. వాల్‌ఐ కంటి వెనక మెరిసే పొర ఒకటి ఉంటుంది, తక్కువ వెలుతురులో దానికి బాగా కనిపిస్తుంది. అందుకే సాయంత్రాలూ, కలతనీళ్ళూ దానికి కలిసొస్తాయి. జలగని ఎర పెట్టి బాబర్ (నీటి మీద తేలే బెండు) కింద వేలాడదీశాను. బాబర్ మునిగింది, లైన్ బిగించి లాగాను, బరువు తగిలింది. చేప రెండుసార్లు లాంచ్ కిందికి దూరింది. అవతలి వైపు వాళ్ళ లైన్లు ఉన్నాయి, రాడ్ నీళ్ళలోకి వంచి పట్టుకోవడం తప్ప నేను చేయగలిగింది లేదు. మిగతాదంతా డ్రాగ్ చేసింది. ఎక్కడా కుదుపు లేదు, తడబాటు లేదు, చేప అడిగినంత ఇచ్చి ఆగిన చోట ఆగింది. పైకి వచ్చాక కొలిస్తే 28 అంగుళాలు. ఆ సరస్సులో ఏ సైజు ఉంచుకోవచ్చన్నది ఏడాదికోసారి మారుతుంటుంది. అప్పటి నిబంధన ప్రకారం వదిలేయాలి, వదిలేశాం. అంత చేపని 6 పౌండ్ల లైన్ మీద, 60 డాలర్ల రీల్‌తో చూడగలగడం నాకు పెద్ద సంతోషం. ఆ రాత్రే ఈ సమీక్ష రాసి ఉంటే అన్నీ పొగడ్తలే ఉండేవి.

వర్షంలో మాత్రం లెక్క కొంచెం వేరు. ఈ రీల్ డ్రాగ్‌లో ఉన్నవి నూనె పట్టించిన ఫెల్ట్ వాషర్లు. పొడిగా ఉన్నన్నాళ్ళూ బంగారం. ఓ మధ్యాహ్నమంతా కుండపోతలో తడిశాక లైన్ చేత్తో లాగితే మొదట్లో చిన్న జర్క్ తగిలింది. స్పూల్ ఊడదీసి, వాషర్లు ఆరబెట్టి, డ్రాగ్ గ్రీజు పల్చగా రాస్తే మళ్ళీ దారికొచ్చింది. ఇంటికి రాగానే డ్రాగ్ నాబ్ పూర్తిగా వదులు చేసి పెట్టాలి, లేదంటే ఫెల్ట్ నొక్కుకుపోయి అలాగే బిగుసుకుంటుంది. కార్బన్ వాషర్లున్న రీళ్ళకి ఈ బాధ తక్కువ. ఈ ధరలో అవి దొరికితే మరీ మంచిది.

ఇక అసలు గొడవ. చేప లాగితే లైన్ ఇవ్వాలి, నేను లాగితే గట్టిగా పట్టుకోవాలి. రీల్ చేయాల్సిన ముఖ్యమైన పనులు ఈ రెండే అని నా అభిప్రాయం. మొదటి పనిలో ఈ రీల్‌కి నూటికి తొంభై ఇస్తాను. రెండో పనిలో నన్ను నట్టేట ముంచింది.

ఇక్కడి సరస్సుల్లో వాల్‌ఐ సీజన్ ఫిబ్రవరి చివర మూసేసి మళ్ళీ మే నెల మధ్యలో తెరుస్తారు. పక్క రాష్ట్రం విస్కాన్సిన్‌కి సరిహద్దుగా ఉన్న మిసిసిపీ నదిలో మాత్రం ఏడాది పొడవునా పట్టుకోవచ్చు. అందుకే మార్చి వచ్చిందంటే రెడ్ వింగ్ ఊరికి ఎగువన ఉన్న మూడో నంబరు డ్యామ్ కింద పడవలు బారులు తీరతాయి. గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వచ్చే చేపలకి ఆ డ్యామ్ అడ్డం, అక్కడ గుమిగూడతాయి. మా వీధిలో ఉండే గుంటూరు అన్నయ్య పడవలో మేమూ వెళ్ళాం. తెల్లారేసరికి 25 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సున్నాకి నాలుగు డిగ్రీలు కింద. రాడ్ రింగుల్లో మంచు పేరుకుంటోంది, వేళ్ళతో తీసుకుంటూ ఉండాలి.

జిగ్‌కి చిన్న చేపని గుచ్చి అడుగుకి దింపాను. కాసేపటికే 'టక్' మని తగిలింది. వాల్‌ఐ ఎరని నీళ్ళతో సహా లోపలికి పీల్చుకుంటుంది, చేతికి తెలిసేది ఆ చిన్న దెబ్బే. వెంటనే రాడ్ ఎత్తాను. హ్యాండిల్ వెనక్కి గిర్రున తిరిగి నా వేలి కణుపుల మీద కొట్టింది. లైన్ వదులైపోయింది. కొక్కెం దిగనే లేదు, చేప పోయింది. చలికి చెయ్యి జారిందేమో అనుకున్నాను. మళ్ళీ దింపాను, మళ్ళీ తగిలింది, మళ్ళీ అదే. ఈసారి చూస్తూనే ఉన్నాను: రాడ్ ఎత్తగానే రోటర్ (హ్యాండిల్‌తో పాటు తిరిగి లైన్‌ని స్పూల్‌కి చుట్టే భాగం) వెనక్కి తిరిగి లైన్ వదిలేస్తోంది. పక్కన అన్నయ్య వరసగా పడుతున్నాడు. నా రీల్‌ని జాకెట్ లోపల పెట్టుకుని వెచ్చబరిస్తే పావుగంట బాగానే పట్టింది. చల్లబడగానే మళ్ళీ మామూలే.

"తమ్ముడూ, లోపల క్లచ్ జారుతోంది. కింద మీట ఉంది చూడు, అది తిప్పేసి హ్యాండిల్ చేత్తో గట్టిగా పట్టుకో" అన్నాడు. ఆ మీట తిప్పితే యాంటీ రివర్స్ (హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే ఏర్పాటు) పూర్తిగా ఆగిపోతుంది, హ్యాండిల్ రెండు వైపులా స్వేచ్ఛగా తిరుగుతుంది. పట్టుకోవడం, వదలడం రెండూ మన చేతి పనే. చేప లాగితే డ్రాగ్‌కి వదిలేయకుండా హ్యాండిల్‌ని వెనక్కి తిప్పుతూ లైన్ ఇవ్వాలి. ఇక్కడి పాతకాలపు వాల్‌ఐ వేటగాళ్ళు చాలామంది ఇప్పటికీ అలాగే పడతారు, డ్రాగ్‌ని అసలు నమ్మరు. ఆ రోజు మిగతా పూటంతా అలాగే గడిపి రెండు చేపలు పైకి తెచ్చాను. ఆ మీట లేకపోతే ఒట్టి చేతులతో వచ్చేవాణ్ణి. కొత్త మోడళ్ళలో నీళ్ళు లోపలికి పోకుండా ఉండాలని చాలా కంపెనీలు ఈ మీట తీసేస్తున్నాయి. మిగతావన్నీ సమానమైతే మీట ఉన్న రీలే తీసుకోండి.

జరిగింది ఇది. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా పట్టుకునేది లోపలున్న వన్‌వే క్లచ్. ఒక గొట్టం చుట్టూ సన్నటి రోలర్లు, ఒక్కోదాన్నీ నెట్టే చిన్న స్ప్రింగు ఉంటాయి. ముందుకి తిప్పితే రోలర్లు వెడల్పు వైపుకి జరిగి వదులుగా తిరుగుతాయి. వెనక్కి తిప్పబోతే ఇరుకు వైపుకి వెళ్ళి బిగుసుకుంటాయి. ఆ చిట్టి స్ప్రింగులకి ఉన్న బలమెంత? చుట్టూ చిక్కటి గ్రీజు ఉంటే మామూలు వాతావరణంలో ఎలాగో నెట్టుకొస్తాయి. చలికి గ్రీజు గట్టిపడగానే రోలర్లు కదలవు, క్లచ్ పట్టదు.

కంపెనీకి రాశాను. చలిలో వాడేముందు సర్వీస్ చేయించుకోవాలట. కొని ఏడాది కూడా నిండని రీల్‌కి, చలి రాష్ట్రంలో చలిచేప కోసం అమ్మిన రీల్‌కి ఆ జవాబేమిటని చాలా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. చివరికి నేనే విప్పాను. స్పూల్ తీసి, రోటర్ నట్టు విప్పి, రోటర్ ఎత్తితే క్లచ్ కనబడుతుంది. ప్రతి మెట్టులో ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. లోపలి గొట్టాన్ని బయటికి తోసేయకూడదు, రోలర్లూ స్ప్రింగులూ రాలిపోతాయి. నిండా గ్రీజే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పల్చటి రీల్ ఆయిల్ ఒకే ఒక్క చుక్క వేశాను. తర్వాతి మార్చిలో అదే డ్యామ్ కింద, అంతకన్నా ఎక్కువ చలిలో, ఒక్కసారీ జారలేదు.

దీనివల్ల పోయిందీ ఒకటుంది. కొన్న కొత్తలో హ్యాండిల్ వెన్నలా తిరిగేది, షాపులో నేను పడిపోయింది దానికే. ఆ నునుపులో చాలా భాగం గ్రీజుదేనని ఇప్పుడు తెలుస్తోంది. కడిగాక తిప్పుతుంటే చేతికి కొంచెం గరగర తగులుతోంది, నిశ్శబ్దంగా ఉన్నచోట చప్పుడూ వినిపిస్తుంది. చేపలకి దానితో పనిలేదు, నాకూ అలవాటైపోయింది. కానీ షాపులో హ్యాండిల్ తిప్పి "అబ్బా, ఎంత స్మూత్‌గా ఉందో" అని కొనేవాళ్ళకి ఈ మాట చెప్పక తప్పదు. హ్యాండిల్ తిప్పే బదులు డ్రాగ్ వదులు చేసి స్పూల్ నుంచి లైన్‌ని నెమ్మదిగా లాగి చూడండి. షాపు రీల్‌కి లైన్ లేకపోతే స్పూల్‌నే వేళ్ళతో తిప్పండి. మొదలయ్యేచోట కుదుపు ఉందా లేదా తెలుస్తుంది.

బెయిల్, అంటే లైన్‌ని స్పూల్ మీదికి మళ్ళించే వంపు తీగ, దాని గురించి ఒక్క మాట. జలగలతో, వానపాములతో అడుగున ఈడ్చుకుంటూ పట్టేవాళ్ళు బెయిల్ తెరిచి లైన్‌ని వేలికి ఆనించుకుని కూర్చుంటారు, చేప ముట్టగానే వదులుతారు. రోజుకి ఎన్నో సార్లు తెరిచి మూయాలి. ఈ రీల్ బెయిల్ స్ప్రింగు ఇప్పటిదాకా గట్టిగానే ఉంది. నేను ప్రతిసారీ చేత్తోనే మూస్తాను, హ్యాండిల్ తిప్పి మూయను. లైన్ మెలికలు పడటం కూడా దానివల్ల తగ్గింది.

మరి కొనొచ్చా? నేను ఎక్కువగా వెళ్ళేది మే నుంచి అక్టోబరు దాకా, వారాంతాల్లో, లాంచ్ మీదో ఒడ్డు నుంచో. సన్నటి మోనో లైన్, బతికున్న ఎర. ఆ వాడకానికి 60 డాలర్లలో ఇంతకన్నా అడగను, రెండోది కొనాల్సివస్తే మళ్ళీ ఇలాంటిదే చూస్తాను. బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం) వాడి రోజంతా బరువైన ఎరలు విసిరేవాళ్ళ సంగతి నేను చెప్పలేను. పైక్‌లు, మస్కీలు లాంటి పెద్ద చేపలు కూడా ఇదే రీల్‌తో పడదామనుకుంటే వద్దనే అంటాను. విప్పి కడగడం మావల్ల కాదు, మార్చిలో నది మీదికి వెళ్ళాల్సిందే అంటే మరో 40 డాలర్లు వేసుకోవడం మేలేమో, అయినా ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన క్లచ్‌లో గ్రీజు ఉండదన్న హామీ లేదు.

అందుకని ఏది కొన్నా, రిటర్న్ గడువు ఉండగానే ఒక పని చేయండి. రీల్‌ని గాలి చొరబడని ప్లాస్టిక్ కవర్లో పెట్టి గంటసేపు ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీసి, స్పూల్‌ని ముట్టుకోకుండా హ్యాండిల్‌ని ఒక్కసారిగా వెనక్కి లాగండి. పదిసార్లు లాగినా కదలకపోతే ఉంచుకోండి. ఒక్కసారి జారినా బిల్లు పట్టుకుని షాపుకి వెళ్ళండి.