32 రూపాయల కోడిపిల్ల నెల తిరిగేసరికి 108

హన్మకొండ దగ్గర కోడిపిల్లలు అమ్మే ఒక షాపులో నేను రెండుసార్లు కొన్నాను. 2024 డిసెంబర్‌లో ఒకరోజు వయసు పిల్లలు వంద, 2025 ఆగస్టులో నెల వయసు పిల్లలు యాభై. షాపు పేరు రాయను, ఎందుకంటే నేను తిట్టబోయేది సగం వాళ్లను, సగం నన్ను. కానీ వరంగల్, పరకాల, ములుగు వైపు తోటల్లో పదో ఇరవయ్యో కోళ్లు సాదుకుందామనుకునేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నా.

మాకు పరకాల అవతల ఎకరం మామిడి తోట ఉంది. చెట్ల కింద కోళ్లు తిరిగితే పురుగులు ఏరుకుని తింటాయి, పెంట ఎరువవుతుంది, ఇంటికి గుడ్లు వస్తాయి, పండుగకు నాలుగు పుంజులు అమ్ముకోవచ్చు అని లెక్క. కాగితం మీద బాగానే ఉంటుంది.

షాపు బోర్డు మీద "ఒరిజినల్ నాటుకోడి పిల్లలు" అని ఉంది. ఇది మొదటి పేచీ. అసలు నాటుకోడి పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది, ఏడాది మొత్తంలో పెట్టేదే యాభై అరవై గుడ్లు. అలాంటి కోళ్ల నుంచి ఒకే రోజు పొదిగిన పిల్లలు, ఒకే సైజువి, వంద కావాలన్నా ఐదొందలు కావాలన్నా ఎట్లా వస్తాయి? అదే అడిగితే షాపాయన నవ్వి, "వనరాజ అన్నా, మనోళ్లు నాటు అంటేనే కొంటరు" అన్నాడు. వనరాజ చెడ్డది కాదు, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసిన రకం. రంగురంగుల ఈకలు, గట్టి కాళ్లు, చూడ్డానికి నాటుదానిలాగే ఉంటుంది, బయట తిరిగి మేసినా ఏడాదికి వంద గుడ్లకు పైనే పెడుతుంది. గుడ్లే ముఖ్యమనుకుంటే అదే సంస్థ వాళ్ల గ్రామప్రియ ఉంది, అది 160 నుంచి 180 దాకా పెడుతుంది. మరి ఆ పేరుతోనే అమ్మొచ్చు కదా. పేరు దాచడంతో వచ్చే నష్టం ఏమిటంటే, కొన్నవాళ్లు ఇవి పొదుగుతాయని ఎదురుచూస్తారు. వనరాజ పొదుగుకు కూర్చోవడం అరుదు. దాని గుడ్లు వేరే కోడి కింద పెట్టి పిల్లలు తీసినా, అది సంకరజాతి కాబట్టి తర్వాతి తరంలో ఆ గుడ్లూ ఉండవు, ఆ బరువూ ఉండదు.

(సైకిల్ మీద గులాబీ రంగు, పచ్చ రంగు పిల్లలు అమ్మే వాళ్ల దగ్గర మాత్రం కొనకండి. అవి ఎక్కువగా గుడ్ల ఫారాలకు పనికిరావని తీసేసిన తెల్లకోళ్ల మగపిల్లలే, రంగు ముంచి తెస్తారు. మా చెల్లె కొడుకు ఏడుస్తున్నాడని రెండు కొన్నాం, మూడో రోజు మళ్లీ ఏడ్చాడు.)

సరే, ధర పిల్లకు 32 రూపాయలు. నూటికి రెండు ఫ్రీ, అంటే పెట్టెలో 102. నాలుగు అరలున్న అట్టపెట్టె, చుట్టూ రంధ్రాలు. పొద్దున ఆరింటికి రమ్మన్నారు, బండి వచ్చింది పదిన్నరకు. పిల్లలకు పొట్టలో పచ్చసొన మిగిలి ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజులు మేత లేకపోయినా బతుకుతాయి, నిజమే, కానీ అవి పొదిగి ఎన్ని గంటలైందో అడిగితే ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. ఇంటికొచ్చి తెరిస్తే మూడు చచ్చి ఉన్నాయి. ఫోన్ చేస్తే "పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసిన్రా?" అన్నారు. తీయలేదు. వీడియో లేకపోతే బదులు పిల్లలు ఇవ్వరట. ఈ ముక్క డబ్బులు తీసుకునేటప్పుడు ఎవరూ చెప్పలేదు.

"రెండు బల్బులు పెట్టండి, సరిపోతది" అని మాత్రం చెప్పారు. నేను ఇంట్లో ఉన్న ఎల్ఈడీ బల్బులు రెండు పెట్టాను. నవ్వకండి. సాయంత్రానికి పిల్లలన్నీ ఒక్క కుప్పగా చేరి కీచు కీచుమని ఒకటే గోల. చెయ్యి పెట్టి చూస్తే అప్పుడు తెలిసింది, వెలుతురు బ్రహ్మాండంగా ఉంది, వేడి సున్నా. పరకాలకు బండి వేసుకుని పోయి మూడు ఎలక్ట్రికల్ షాపులు తిరిగితే పాత రకం వంద వాట్ల గుండు బల్బులు రెండు దొరికాయి. పిల్లకు రెండు వాట్ల చొప్పున లెక్క, కాబట్టి వందకు అవి సరిపోతాయి. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండాలి, అంటే 35 సెల్సియస్, ఆ తర్వాత వారానికి ఐదు ఫారన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటర్ లేకపోయినా పిల్లలే చెప్తాయి. బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, దూరంగా గోడకు పోయి నోళ్లు తెరిచి రొప్పితే వేడి, చెల్లాచెదురుగా తింటూ పడుకుంటూ ఉంటే మీరు పోయి పడుకోవచ్చు.

నేను పోయి పడుకున్నాను. రాత్రి ఎప్పుడో కరెంటు పోయింది. డిసెంబర్ చలి, రేకుల షెడ్డు, పైగా పిల్లల చుట్టూ నేను ఇటుకలతో కట్టింది చదరపు గూడు. చలికి అవన్నీ ఒక మూలకు చేరి కింద ఉన్నవాటిని తొక్కేశాయి. తెల్లారి పోయి చూస్తే పదకొండు చచ్చి ఉన్నాయి. చుట్టూ పెట్టే దడి రేకుతోనో అట్టతోనో గుండ్రంగా పెట్టమనేది ఇందుకే, మూల అనేది ఉండకూడదు. కరెంటు పోతే వాడుకోవడానికి వేడినీళ్లు పోసిన సీసాలో, పైన జాలీ మూసిన బొగ్గుల కుంపటో పక్కనే తయారుగా ఉండాలి. కుంపటి పెడితే కిటికీ కొంచెం తీసి ఉంచాలి, పొగకు కూడా చస్తాయి.

మా అత్తమ్మ అప్పటిదాకా ఒక్క మాట అనలేదు. ఆ పదకొండూ చూశాక, "కోడిని చెయ్యడం కోడికొచ్చు గాని నీకెట్లొస్తది బిడ్డా" అని, ఊళ్లో తన గంప కింద పొదుగు మీద ఉన్న నాటుపెట్టను తెచ్చింది. రాత్రి చీకట్లో దాని కింద గుడ్లు ఒక్కొక్కటి తీస్తూ పన్నెండు పిల్లల్ని తోసింది. చీకట్లోనే చెయ్యాలి, పగలైతే పెట్ట గుర్తుపట్టి పొడుస్తుంది. తెల్లారేసరికి అది కొక్ కొక్ అంటూ పన్నెండింటినీ రెక్కల కింద వేసుకుని, చూడబోయిన నా చెయ్యి పొడిచింది. వాటికి బల్బు లేదు, థర్మామీటర్ లేదు. పన్నెండులో ఒక్కటే పోయింది, అది కూడా తోటలో గద్ద తన్నుకుపోవడం వల్ల. పది పన్నెండు పిల్లలు చాలనుకునేవాళ్లకు ఇంతకు మించిన బ్రూడర్, అంటే పిల్లలకు వెచ్చదనమిచ్చే ఏర్పాటు, లేదు.

మిగిలిన 76 పిల్లలు షెడ్డులో. కింద వరి ఊక రెండు అంగుళాలు, దాని మీద న్యూస్ పేపర్. నున్నటి పేపర్ మీద కాళ్లు జారి పక్కలకు పోతాయి, కాబట్టి ఒకటి రెండు రోజులకే తీసేయాలి. మొదట బెల్లం కలిపిన నీళ్లు, కొన్ని గంటల తర్వాత సన్నగా మర పట్టిన మక్క రవ్వ, రెండో రోజు నుంచి చిన్నపిల్లలకు వేసే స్టార్టర్ దాణా. కొన్నింటికి రెట్ట ముడ్డికి అంటుకుని గట్టిపడుతుంది, గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి తుడవాలి, లాగొద్దు. ఇవన్నీ చేసినా ఆ వారంలో ఇంకో ఆరు పోయాయి. దాణా తినకుండా తూగుతూ నిలబడ్డ పిల్ల సాయంత్రానికి ఉండదు.

టీకాల విషయంలో షాపువాళ్లది సగం నిజం. "అన్ని వ్యాక్సిన్లు అయినయ్" అన్నారు. తర్వాత పశువుల డాక్టర్‌ను అడిగితే, ఒకరోజు పిల్లకు హేచరీలో వేసేది మారెక్స్ టీకా ఒక్కటే అన్నాడు. కొక్కెర తెగులుకు లాసోటా అనే టీకా ఐదు నుంచి ఏడు రోజుల మధ్య కంట్లో చుక్క వేయాలి, గంబోరో రోగానికి రెండు వారాలప్పుడు, నాలుగు వారాలకు మళ్లీ లాసోటా, తర్వాత మశూచికి, ఎనిమిది వారాలకు కొక్కెరకే ఆర్‌టూబీ సూది. షాపాయన మాట నమ్మి ఊరుకుని ఉంటే వేసవిలో కొక్కెర వచ్చి షెడ్డంతా ఖాళీ అయ్యేది. లాసోటా సీసా ఐస్‌లోనే తేవాలి, కలిపిన గంట రెండు గంటల్లో అయిపోవాలి. నీళ్లలో ఇచ్చే టీకాకు మాత్రం మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడకండి, వాటిలో ఉండే క్లోరిన్ టీకాను చంపేస్తుంది. బాయి నీళ్లు తెచ్చి, లీటరుకు ఐదు గ్రాముల వెన్న తీసిన పాలపొడి కలిపి, పిల్లల్ని కాసేపు దప్పిక పెట్టి ఇవ్వాలి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గరే, కొనకముందే ఒకసారి పోయి అడిగొస్తే నాలాగా వెనక నుంచి నేర్చుకునే పని ఉండదు.

నాలుగో వారంలో రెట్టలో రక్తం కనిపించింది. నీళ్ల గిన్నె పక్కన ఊక తడిసి ముద్దయి, వాసన వస్తున్నా నేను పట్టించుకోలేదు. రక్తపారుడుకు తడి ఊకే పుట్టిల్లు. ఆంప్రోలియం మందు నీళ్లలో కలిపి ఇచ్చి, ఊక మొత్తం మార్చేలోపు ఆరు పోయాయి. పిల్లి రెండింటిని ఎత్తుకుపోయింది, అది షాపు ఖాతాలో వేయలేను.

ఇప్పుడు లెక్క. పిల్లలకు 3,200, ఆటోకు 150, దాణా బస్తా 2,100 చొప్పున ఒకటిన్నర బస్తా అంటే 3,150, బల్బులు, ఊక, టీకాలు, మందులు కలిపి 1,400. మొత్తం 7,900. మిగిలినవి 73. ఒక్కో పిల్ల 108 రూపాయలు పడింది. అదే షాపులో నెల పిల్ల ధర 110. అంటే నెల రోజులు నిద్ర చెడగొట్టుకుని, ఇంట్లో మాటలు పడి నేను మిగుల్చుకున్నది పిల్లకు రెండు రూపాయలు. చేయి తిరిగినవాళ్లకు నష్టం నూటికి ఐదారు దాటదు, వాళ్లకు ఒకరోజు పిల్లే లాభం. మొదటిసారి కొనేవాళ్లకు, అందులోనూ చలికాలంలో, కాదు.

ఆ బ్యాచ్ రెండు నెలల వయసులో ఉన్నప్పుడే, 2025 ఫిబ్రవరిలో, గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. ఇక్కడ కూడా జనం చికెన్ ముట్టలేదు. మా కోళ్లకు ఏం కాలేదు గానీ టెన్షన్ మాత్రం గట్టిగానే పడ్డాం, బయటివాళ్లను షెడ్డులోకి రానివ్వలేదు. జూన్ నుంచి గుడ్లు మొదలయ్యాయి.

ఒకరోజు పిల్లలతో నాకు లాభం లేదని తేలింది కాబట్టే ఆగస్టులో మళ్లీ అదే షాపుకు పోయి నెల పిల్లలు యాభై తెచ్చాను, 5,500. ఈసారి నిజంగా బాగున్నాయి. చురుకుగా, కాళ్లు పసుపుపచ్చగా, రెక్కలు నిండుగా ఉన్నాయి, ఏ టీకా ఏ తేదీన వేశారో చీటీ మీద రాసిచ్చారు. అడిగితేనే ఇచ్చారు, అది వేరే సంగతి. మొదటి వారంలో రెండే పోయాయి. షాపులో అవి తింటున్న దాణానే కిలో ఇప్పించుకుని, కొత్తదానితో కలిపి అలవాటు చేశాను, మీరూ అట్లనే చేయండి.

ఫిర్యాదు ఒకటే. "ఎక్కువ పెట్టలే వేస్తా అన్నా" అని ఒట్టేసినట్టు చెప్పాడు. పెరిగాక చూస్తే మిగిలిన 48లో పుంజులు 31. గుడ్ల కోసం కొన్నవాడికి ఇది మామూలు దెబ్బ కాదు, పది పెట్టలకు ఒక పుంజు చాలు. నెల పిల్లల్లో తురాయి కొంచెం ఎర్రగా, పెద్దగా ఉన్నవి పుంజులయ్యే అవకాశం ఎక్కువ, కాబట్టి దగ్గరుండి ఒక్కొక్కటి పట్టి చూసి మీరే ఏరుకోండి. నేను ఆ రోజు చాయ్ తాగుతూ కూర్చున్నా.

నా అదృష్టం, 2026 జనవరి చివర్లో మేడారం జాతర పడింది. రెండేళ్లకోసారి వచ్చే జాతర, సమ్మక్క సారలమ్మలకు బంగారమని బెల్లం మొక్కేవాళ్లు ఎందరో, కోడిని కోసేవాళ్లూ అందరే. జాతరకు పది రోజుల ముందు నుంచి పుంజు ఉందా అని తోటకే వచ్చారు. 22 పుంజులు ఒక్కొక్కటి 800కు పోయాయి. వనరాజ అని చెప్పే అమ్మాను. ఒకాయన మాత్రం "నాటు అని చెప్పు, ఇంకో రెండొందలిస్త" అన్నాడు, బోర్డు మీద ఆ మాట ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

మొత్తం మీద ఈ షాపుకు నెల పిల్లల కోసమైతే ఐదులో నాలుగు, ఒకరోజు పిల్లల కోసమైతే రెండు. ఈసారి గ్రామప్రియ నెల పిల్లలు పాతిక కావాలని చెప్పి పెట్టాను. మూడు వారాల నుంచి ఫోన్ చేస్తే "రేపు బండొస్తది అన్నా" అంటున్నాడు. అత్తమ్మ మాత్రం ఇంకో పెట్టను పొదుగేసింది, ఇరవై ఒక్క రోజులకు ఇంకా ఆరు రోజులున్నాయి.